నీడకు అలవాటుపడ్డ పగడం

డిసెంబరు మొదటి వారంలో ఒక బుధవారం పొద్దున్న, ఆఫీసు కాల్‌కి ముందు కాఫీ గ్లాసు పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగాను. నా ఉప్పునీటి అక్వేరియం ట్యాంకు మీద లైట్లు అప్పుడే వెలిగాయి. మధ్య రాయి మీద ఐదేళ్లుగా పెరుగుతున్న స్టైలోఫోరా అనే కొమ్మల పగడం నెత్తి మీద ఎవరో సున్నం పూసినట్టు తెల్లగా ఉంది.

గ్లాసు పక్కన పెట్టి, అద్దానికి ముక్కు ఆనించి చూశాను. కొమ్మల అడుగు భాగం ఎప్పటిలాగే ముదురు గోధుమ రంగులో ఉంది. పై భాగం మాత్రం తెలుపు. ఆ రెండింటికీ మధ్య సరిహద్దు గీత గీసినంత స్పష్టంగా ఉంది. భూతద్దం తెచ్చుకుని ఒక కొమ్మ చివర చూస్తే పాలిప్‌లు, అంటే పగడంలోని చిన్న చిన్న జీవులు, ఉన్నాయి, చచ్చిపోలేదు. కానీ గాజులా అయిపోయాయి. వాటి చిన్న చిన్న చేతుల్లోంచి కిందున్న సున్నపు ఎముక కనబడుతోంది.

ఆ రోజు మధ్యాహ్నం దాకా నీళ్ల పరీక్షలతోనే సరిపోయింది. వేడి 78 ఫారెన్‌హీట్, ఎప్పుడూ ఉండేదే. ఉప్పు సరిగ్గా ఉంది. నైట్రేట్, ఆల్కలినిటీ, కాల్షియం అన్నీ పోయినవారం లాగే ఉన్నాయి. ఒక్కటీ మారలేదు. అదే నా టెన్షన్. ఏదైనా తప్పు కనిపిస్తే సరిచేయొచ్చు, ఏమీ కనిపించకపోతే ఎక్కడ చెయ్యి పెట్టాలి?

అప్పుడు మా నాన్న మా దగ్గరే ఉన్నారు. అక్టోబరులో అమెరికాకి, ఈ కొలంబస్‌కి వచ్చారు, ఆర్నెల్లు ఉందామని. మాది తూర్పు గోదావరిలో కడియపులంక. నలభై ఏళ్లుగా నర్సరీయే ఆయన లోకం. ఇక్కడి చలికి బయటికి వెళ్లలేక, ఇంట్లో మొక్కలు నాలుగైదు తప్ప చూసుకోవడానికి ఏమీ లేక, పగలంతా కిటికీ దగ్గర కూర్చునేవారు. నేను పైకీ కిందికీ తిరగడం చూసి ఆయనా మెట్లు దిగి వచ్చారు. ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"పైన ఒక్కచోటే తెల్లబడింది. కింద బాగానే ఉంది కదమ్మా?"

"అవును నాన్నా."

"అయితే రోగం కాదు. రోగమైతే పైనా కిందా అని చూసుకోదు. ఇది ఎండదెబ్బ. లైటు ఏమైనా మార్చావా?"

మార్చాను. నాలుగు రోజుల క్రితం, శనివారం. పాత ట్యూబ్‌లైట్లు తీసేసి, సేల్‌లో కొన్న కొత్త ఎల్‌ఈడీ బిగించాను. నీటి పరీక్షల చీటీ మీద అన్నీ రాసుకున్నాను కానీ లైటు సంగతి రాయాలని తట్టనే లేదు. ఎందుకంటే కొత్త లైటు నా కంటికి పాతదానికంటే మసగ్గానే అనిపించింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పగడాల కోసం చేసే ఎల్‌ఈడీల్లో నీలం ఎక్కువ. సముద్రంలో లోతుకి వెళ్లేకొద్దీ ఎరుపు మొదటి పది మీటర్లలోనే చాలావరకు ఆగిపోతుంది, నీలం మాత్రం ఇంకా కిందకి చేరుతుంది. పగడానికి ఆ నీలమే అలవాటు. మన కంటికేమో ఆ నీలం అంత వెలుగుగా అనిపించదు. అందుకే నా కన్ను నన్ను మోసం చేసింది. ఇక్కడ కొలంబస్‌లో పగడాలు పెంచేవాళ్ల రీఫ్ క్లబ్‌లో పార్ మీటరు అద్దెకిస్తారు. కిరణజన్య సంయోగక్రియకి పనికొచ్చే వెలుగు రేణువులు ఒక చోట సెకనుకి ఎన్ని పడుతున్నాయో అది చెబుతుంది. ఆ సాయంత్రమే వెళ్లి తెచ్చాను. పాత ట్యూబులు ఇంకా గ్యారేజీలోనే ఉన్నాయి కాబట్టి, రెండూ మార్చి మార్చి బిగించి కొలిచాను. స్టైలోఫోరా ఉన్న చోట పాత లైటు కింద పార్ లెక్కలో 110. కొత్త లైటు కింద 380.

ఉష్ణమండలంలో మిట్టమధ్యాహ్నం సముద్రం పైన ఇది 2000 దాకా ఉంటుంది. అంటే 380 అనేది పగడానికి పెద్ద లెక్క కాదు. స్టైలోఫోరా లోతులేని నీళ్లలో అంతకంటే ఎక్కువ ఎండలోనే హాయిగా బతుకుతుంది. పైగా అదే ట్యాంకులో కుడివైపు రాయి మీద నెల క్రితం ఒక మిత్రుడి దగ్గర తెచ్చిన అక్రోపోరా అనే ఇంకో పగడం ముక్కలు మూడు ఉన్నాయి. అవి అదే లైటు కింద, దాదాపు అంతే వెలుగులో, ఏ ఇబ్బందీ లేకుండా ఉన్నాయి. అతని ట్యాంకులో అంతకంటే ఎక్కువ వెలుగులో పెరిగి వచ్చాయవి. నా దగ్గర గడిపిన నెల రోజుల్లో ఆ అలవాటు ఇంకా పోలేదు.

నా స్టైలోఫోరా సంగతి వేరు. ట్యూబులు ఏడాదికోసారి మార్చాలి, నేను ఏడాదిన్నరగా మార్చలేదు. వాటి వెలుగు నెలనెలా కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది. ఎంత నెమ్మదిగా తగ్గిందంటే నాకు తెలియలేదు. పగడానికి తెలిసింది. ఒకప్పుడు గులాబీ రంగులో ఉండేది మెల్లగా గోధుమ రంగుకి తిరిగింది. ఆ మార్పు నా కళ్ల ముందే జరిగింది, నేను దాన్ని చదవలేకపోయాను. నాకు ఇప్పటికీ బాధగా ఉండేది అదే.

నాన్న ఇంకో కుర్చీ చూపించి కూర్చోమన్నారు. "ఆ డిఫెన్‌బాకియాలు గుర్తున్నాయా?" అన్నారు.

గుర్తులేకేం. నాకు పదేళ్లు. వేసవి సెలవులు. షేడ్ నెట్ కింద ఉన్న డిఫెన్‌బాకియా మొక్కల కవర్లు ఓ పదిహేను బయటికి మోసుకొచ్చి, దారి పక్కన వరసగా పేర్చాను. వచ్చిపోయేవాళ్లకి అందంగా కనిపిస్తాయని. మే నెల ఎండ. సాయంత్రానికి ఆకుల మధ్యలో కాల్చినట్టు మచ్చలు. అప్పుడు నాన్న నన్ను తిట్టలేదు, ఒక ఆకు తుంచి నా చేతిలో పెట్టి, నీడలో పెరిగిన ఆకు పల్చగా, వెడల్పుగా ఎందుకుంటుందో చెప్పారు. దొరికే కాస్త వెలుగునీ పట్టుకోవడానికి అది తన చాప పరిచి కూర్చుంటుంది. ఆ పరిచిన చాప మీద ఒక్కసారిగా ఎండ కుమ్మరిస్తే మాడిపోక ఏమవుతుంది?

పగడంలోనూ జరిగింది అదేనని చదివేకొద్దీ అర్థమైంది. కాకపోతే అక్కడ కథ ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది, ఎందుకంటే పగడం మొక్క కాదు. "మరి జంతువా?" అని నాన్న అడిగారు. జంతువే. కానీ దాని ఒంటి కణాల లోపల ఒక రకం నాచు కాపురం ఉంటుంది. ఒక్కో నాచు కణం మిల్లీమీటరులో నూరో వంతు ఉంటుంది. చదరపు సెంటీమీటరు పగడంలో అలాంటివి పది లక్షలకి అటూ ఇటూగా ఉంటాయి. పగడానికి గోధుమ రంగు వాటివల్లే. ఎండలో అవి వండుకున్న ఆహారంలో చాలా భాగం, ఒక్కోసారి తొంభై శాతం పైన, పగడానికి ఇచ్చేస్తాయి.

"తొంభై శాతం కౌలు కట్టేస్తే ఆ కౌలుదారుకి మిగిలేదేంటమ్మా?" అన్నారు నాన్న. ఆయన నిజంగానే ఆ నాచు తరఫున బాధపడ్డారు. మా ఇంట్లో కౌలు అన్నమాట తేలిగ్గా అనే మాట కాదు. ఉండటానికి చోటు, పగడం వదిలే కార్బన్ డయాక్సైడు, నత్రజని, భాస్వరం ఇవన్నీ నాచుకి అక్కడే దొరుకుతాయి, సముద్రపు నీళ్లలో వాటికి ఎప్పుడూ కరువే అని చెప్పాను. "ఎరువు యజమానిదన్నమాట," అని కాస్త సమాధానపడ్డారు.

వెలుగు మారినప్పుడు ఈ నాచు ఏం చేస్తుందన్నది నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించిన విషయం. నిమిషాల్లో చేసేది ఒకటుంది. లోతులేని సముద్రంలో అలలు భూతద్దాల్లా పనిచేసి, రెప్పపాటులో వెలుగుని కొన్ని రెట్లు పెంచి తగ్గిస్తుంటాయి. మబ్బు వస్తుంది, పోతుంది. దానికల్లా ఒళ్లు మార్చుకుంటూ కూర్చోలేదు. అందుకని నాచులో డయాడినోక్సాంథిన్ అనే పసుపు పదార్థం ఒకటి, వెలుగు ఎక్కువైనప్పుడు డయాటోక్సాంథిన్‌గా మారి, అదనపు శక్తిని వేడిగా వదిలేస్తుంది. వెలుగు తగ్గగానే మళ్లీ పాత రూపానికి వచ్చేస్తుంది. ఎండ పడగానే గొడుగు తెరిచి, నీడలోకి రాగానే ముడిచినట్టు.

వెలుగు రోజుల తరబడి తక్కువగానే ఉంటే గొడుగుతో పని ఉండదు, చాప పెంచాలి. ఒక్కో నాచు కణం తన లోపల క్లోరోఫిల్‌నీ, పెరిడినిన్ అనే మరో రంగునీ పెంచుకుంటుంది. ఈ పని నిమిషాల్లో అవదు, రోజులూ వారాలూ పడుతుంది. దీన్ని స్టైలోఫోరా మీదే చూపించిన పరిశోధన పేపరు ఒకటి దొరికినప్పుడు నాకు సొంత చుట్టం గురించి చదువుతున్నట్టు అనిపించింది. పాల్ ఫాల్కోవ్‌స్కీ, జ్వీ డుబిన్‌స్కీ అనే శాస్త్రవేత్తలు 1981లో నేచర్ పత్రికలో రాశారు. ఎర్ర సముద్రం ఉత్తరపు కొసన ఐలాట్ దగ్గర, ఒకే జాతి పగడం ఎండలో ఉన్నచోట లేత రంగులో, రాతి చూరు కింద నీడలో ఉన్నచోట ముదురు గోధుమ రంగులో ఉంది. చూడగానే నీడలో ఉన్నదానికి నాచు ఎక్కువుందని అనుకుంటాం. లెక్కపెడితే సంఖ్యలో పెద్ద తేడా లేదు. నీడలో ఉన్న ఒక్కో కణంలో రంగు ఎక్కువ, అంతే.

ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. నా పగడం ముదురు గోధుమ రంగులోకి రావడం ఆరోగ్యమనీ, బలం పుంజుకుందనీ ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజానికి అది వెలుగు చాలక చాపని అంచులదాకా పరిచి కూర్చుంది. నేనేమో ఆ చాప మీద శనివారం మధ్యాహ్నం మూడున్నర రెట్లు వెలుగు కుమ్మరించాను.

అప్పుడు లోపల జరిగేది ఇది. పట్టుకున్న వెలుగుని వాడుకునే వేగం కంటే వచ్చిపడే వేగం ఎక్కువవుతుంది. నాచులో వెలుగుని అందుకునే యంత్రంలో డీ1 అనే ప్రొటీన్ ఒకటి ఉంది. మామూలు రోజుల్లోనూ అది ఎండకి పాడవుతూ, నాచు దాన్ని మళ్లీ కడుతూ ఉంటుంది. పాడయ్యే వేగం కట్టే వేగాన్ని దాటితే లెక్క తప్పుతుంది. మిగిలిపోయిన శక్తి ఆక్సిజన్ మీద పడి, కణాలని కాల్చే రూపాల్లోకి దాన్ని మారుస్తుంది. పగడం ఆ నాచుని భరించలేక బయటికి తోసేస్తుంది. కొన్ని కణాలు వెళ్లిపోగానే కిందున్న తెల్లటి ఎముక బయటపడుతుంది. ఆ ఎముక వెలుగుని అన్ని వైపులా చెదరగొడుతుంది. నాచు కాపురం నిండుగా ఉన్నప్పుడు అది వరమే, ఉన్న వెలుగునే మళ్లీ మళ్లీ అందిస్తుంది. నాచు పల్చబడ్డాక అదే శాపం, మిగిలిన ఒక్కో కణం మీదా ఇంకా ఎక్కువ వెలుగు పడుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

"నెట్ కట్టు," అన్నారు నాన్న.

యాప్‌లో ఒక్క నొక్కు నొక్కితే లైటు తగ్గుతుంది. కానీ తగ్గిస్తే కుడివైపు అక్రోపోరాలు మళ్లీ నీడకి మళ్లడం మొదలుపెడతాయి. అందుకే నెట్టే కట్టాం. కిటికీలకి కొట్టే దోమల మెష్ ఒక చుట్ట తెచ్చాను. ట్యాంకు ఎడమవైపు నుంచి మధ్య రాయి దాకా సరిపడా నాలుగు ముక్కలు నాన్నే కత్తిరించారు. ఒక్కో పొర వేసి మీటరు దించాను. 380 కాస్తా 285, తర్వాత 214, తర్వాత 160, చివరికి 120. ఒక్కో పొర వచ్చే వెలుగులో నాలుగో వంతు ఆపుతోంది. నాన్నకి ఆ అంకెలు చాలా నచ్చాయి. కడియంలో నెట్ కొనేటప్పుడు యాభై శాతం, డెబ్భై ఐదు శాతం అనే అడుగుతారు, కానీ కింద ఎంత పడుతోందో ఇన్నేళ్లలో ఎప్పుడూ కొలవలేదు. అరచేయి చాచి, నేల మీద పడ్డ నీడ ముదురు చూసి చెప్పేవారు. ఇక్కడా ఒకసారి మెష్ కింద అరచెయ్యి పెట్టి చూసుకున్నారు.

పది రోజులకి ఒక పొర తీద్దామన్నారు. నాకు తొందర, వారానికొకటి అన్నాను. "కొత్త ఆకు రానీ," అన్నారు. పగడానికి కొత్త ఆకు రాదు నాన్నా, ఉన్న ఒంట్లోనే మార్చుకోవాలి అన్నాను. "అలాగైతే ఇంకా ఎక్కువ టైము ఇవ్వాలి కదా." ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. పది రోజులే ఖాయం చేశాం.

రాత్రి తొమ్మిదికి లైట్లు ఆరాక, పొడవాటి ప్లాస్టిక్ పిచికారీతో అప్పుడే పొదిగిన ఉప్పునీటి రొయ్యపిల్లల్ని దాని మీదకి వదిలేవాళ్లం. నాచు లేనప్పుడు పగడం జంతువులా వేటాడి తినాల్సిందే. చీకట్లో ఎర్ర టార్చి వేసి చూస్తే గాజు చేతులు రొయ్యపిల్లని పట్టుకుని లోపలికి లాక్కోవడం కనిపించేది. ఇది నాన్న డ్యూటీ. ఒక్క రాత్రి కూడా తప్పలేదు.

అలా కూర్చున్న ఒక రాత్రి, "మన కాకినాడ వైపు ఇవి ఉండవా?" అని అడిగారు. గోదావరి తెచ్చే మట్టీ, మంచినీళ్లూ కలిసే చోట పగడపు దిబ్బలు కట్టడం కష్టం. మన దేశంలో పెద్ద దిబ్బలు మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్లలో ఉన్నాయి. కచ్‌లో నీళ్లు బాగా బురదగా ఉంటాయి, అయినా ఆ మసక వెలుగుకే అలవాటుపడ్డ పగడాలు అక్కడ బతుకుతున్నాయి. ఇంట్లో పెంచుకోవడం మాత్రం మన దగ్గర కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో రాతి పగడాలు ఉన్నాయి. అది మంచి చట్టం, ఉండాల్సిందే. ఇక్కడ నా దగ్గరున్నవి సముద్రంలోంచి తీసినవి కావు, ఒకరి ట్యాంకులో పెరిగి ముక్కగా ఇంకొకరికి చేరినవి.

పద్దెనిమిదో రోజు, రెండో పొర తీయడానికి ఇంకా రెండు రోజులుండగా, సరిహద్దు గీత చెదిరింది. గోధుమ రంగు అంచు పైకి పాకినట్టు, తెలుపులోకి టీ చుక్క పడ్డట్టు. భూతద్దంలో చూస్తే గాజులాంటి పాలిప్‌ల లోపల చిన్న చిన్న చుక్కలు. మొత్తం నాచు పోలేదన్నమాట, మిగిలిన కాసిని మళ్లీ పిల్లలు పెట్టాయి. నాన్నని పిలిచాను. కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చూశారు. "చిగురు," అన్నారు.

ఆ నలభై రోజుల్లో నేను ఆపకుండా చదివాను. ఈ నాచుల్లో జాతులు ఎన్నో ఉన్నాయి. 2018లో వాటిని వేర్వేరు ప్రజాతులుగా విడదీసి, క్లాడోకోపియం, డురుస్డినియం లాంటి పేర్లు పెట్టారు. అంతకుముందే, 1997లో రాబ్ రోవన్, నాన్సీ నోల్టన్ అనే శాస్త్రవేత్తలు, వాళ్ల తోటివాళ్లు పనామా తీరంలోని కరీబియన్ పగడాలని పరీక్షించారు. ఒకే పగడంలో ఎండ పడే పైభాగాన ఒక రకం నాచు, నీడ పడే పక్కల్లో ఇంకో రకం ఉన్నాయి. ఒక పొలంలోనే మెరకన ఒక పంట, పల్లంలో ఒక పంట వేసినట్టు. వెలుగుకి సర్దుకోవడంలో గొడుగు, చాప అయ్యాక ఇక మూడోది, అన్నిటికంటే నెమ్మదిది, పగడం తన ఆకారమే మార్చుకుని పెరగడం. టర్బినేరియా అనే పగడం తక్కువ లోతులో ముడతలు ముడతలుగా పెరిగి తనకి తానే నీడ చేసుకుంటుంది. లోతులో పళ్లెంలా విప్పుకుని పరుచుకుంటుంది.

వెలుగు ఒక్కటే కాదు, సముద్రంలో ఇప్పుడు అసలు భయం వేడిది. కానీ వేడి నీళ్లలో నాచు యంత్రం తడబడుతున్నప్పుడు దాన్ని కాల్చేది మళ్లీ ఎండే. 1998లో ప్రపంచమంతా పగడాలు తెల్లబడ్డప్పుడు, తాహితీ ఉన్న సొసైటీ దీవుల్లో నీళ్లు వేడెక్కినా నష్టం తక్కువగా జరిగింది. ఆ రోజుల్లో అక్కడ మబ్బు పట్టి ఉండటమే కారణమై ఉండొచ్చని పీటర్ మంబీ బృందం 2001లో రాసింది. 2020 మార్చిలో ఆస్ట్రేలియాలోని సదరన్ క్రాస్ యూనివర్సిటీ వాళ్లు టౌన్స్‌విల్ దగ్గర బ్రాడ్‌హర్స్ట్ రీఫ్ పైన సముద్రపు నీటిని సన్నని తుంపరగా గాల్లోకి చిమ్మి, మబ్బుని ఇంకాస్త తెల్లగా చేసి ఎండ తగ్గించగలమా అని ప్రయోగం చేశారు. ఆ ఫొటో నాన్నకి చూపించాను. పడవ మీద ఫ్యాను, దాని చుట్టూ నాజిళ్లు. మా నర్సరీలో నీటి తుంపర చిమ్మే ఫాగర్ ఉన్న షెడ్డు గుర్తొచ్చి ఉంటుంది, ఫోన్ తన చేతిలోకి తీసుకుని, పెద్దది చేసి, నాజిళ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

జనవరి మధ్యలో చివరి పొర తీశాం. 380 పూర్తిగా పడింది. ఈసారి ఏమీ కాలేదు. ఫిబ్రవరిలో కొమ్మల చివర్లలో గులాబీ రంగు మొదలైంది. ఆ గులాబీ నాచుది కాదు, పోసిల్లోపోరిన్ అని పగడం తానే తయారుచేసుకునే రంగు. వెలుగు బాగా పడితేనే చేస్తుంది. "క్రోటన్ కూడా అంతేగా, నీడలో పెడితే పచ్చబడిపోతుంది, ఎండ తగిలితేనే ఎరుపు తిరుగుతుంది," అన్నారు నాన్న. ఆయన మార్చిలో వెళ్లిపోయేటప్పటికి పగడం నేను మొదట తెచ్చుకున్నప్పటి రంగుకి వచ్చేసింది.

ఒక్క చోట తప్ప. సరిగ్గా నడినెత్తిన, లైటుకి అన్నిటికంటే దగ్గరగా ఉన్న రెండు కొమ్మల మధ్య, రూపాయి బిళ్లంత మేర చచ్చిపోయింది. అక్కడ ఒంట్లోది కాని బయటి నాచు, పచ్చటి నూగులా పట్టుకుంది. దాన్ని పళ్ల బ్రష్‌తో వారానికోసారి గీకుతున్నాను. చుట్టూ ఉన్న బతికిన కండ, అంచు కాస్త ఉబ్బి, ఆ మచ్చ మీదకి పాకుతోంది. అద్దం మీద మార్కర్‌తో గీత పెట్టుకుని నెలకోసారి కొలుస్తున్నాను.

నాన్న ఆదివారం ఫోన్ చేశారు. అక్కడ ఏప్రిల్ ఎండలు ముదిరాయట, ఆంథూరియంల మీద రెండో నెట్ కట్టిస్తున్నారు. వెనకాల ఎవరో తాడు లాగమని అరుస్తున్నారు.

"ఆ మచ్చ ఎంతవరకు వచ్చింది?"

"మొన్నటికి మూడు మిల్లీమీటర్లు మూసుకుంది నాన్నా."

"ఏ వైపు నుంచి?"

ఎడమవైపు నుంచి అని చెప్పాను. కొంచెం ఆగి, "ఆ వైపు నీడ ఉందా?" అని అడిగారు. ఫోన్ పట్టుకునే బేస్‌మెంట్‌లోకి దిగి చూశాను. ఉంది. పక్క కొమ్మ నీడ.